గరుకు వైపు బయటికి

"తల దూరకపోతే? పోనీ దూరిందే అనుకుందాం, మళ్ళీ బయటికి రాకపోతే?"

"రాకపోతే దాని పెళ్ళికీ అదే వేసుకుంటుంది. ముందు నువ్వు కూర్చో."

మొదటి మాట మూడో అంతస్తులో ఉండే పాప తల్లిది. ఏడాదిన్నర పిల్లను చంకనేసుకుని, ఇంకా మొదలే పెట్టని స్వెటర్ గురించి ఆమె అప్పటికే నాలుగు రోజులుగా దిగులు పడుతోంది. రెండో మాట రెండో అంతస్తు పిన్నిది. ఆ భవనంలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ ఎక్స్‌ఛేంజి పిన్ని. ఇరవై ఆరేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో బోర్డు ముందు కూర్చుని, ఒక ఊరివాళ్ళ మాటను ఇంకో ఊరివాళ్ళ చెవిన వేసిన మనిషి. నేరుగా మోగే ఫోన్లు వచ్చాక బోర్డు పోయింది, తర్వాత ఉద్యోగమూ అయిపోయింది, పేరు ముందు ఎక్స్‌ఛేంజి మాత్రం ఊడలేదు.

పాప తల్లి దిగులుకు కారణం లేకపోలేదు. ఆమె నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్టు. పాప కోసం పెట్టిన సెలవు ఒకటో తారీఖుతో అయిపోతుంది. ఆ రోజు రాకపోతే ఆ చోట్లో ఇంకొకరిని తీసుకుంటామని ల్యాబ్ వాళ్ళు ఉత్తరమే పంపారు. పాపను క్రెష్‌లో వదలాలి. క్రెష్ గది మంచిదే గానీ రాతి నేల, ఎండ తగలని కిటికీలు. మధ్యాహ్నం కూడా చేతులు రుద్దుకోవాలనిపించే చలి. పాప ఒంటికేమో ఉన్ని పడదు. ఉన్ని తగిలితే దద్దుర్లు. కొట్లో కొన్న నూలు స్వెటర్ వేసి మూడు రోజులు పంపి చూశారు. నూలు బాగానే ఉంది, దాని అతుకు కుట్లు చంకల్లోనూ మణికట్ల దగ్గరా రాసుకుపోయి పచ్చిపుండు అయింది. క్రెష్ టీచరు మర్యాదగానే చెప్పింది, "ఇది మానేదాకా తీసుకురావద్దండి. అంటుకునేదేమోనని మిగతా తల్లులు అడుగుతున్నారు."

అంటే వెచ్చగా ఉండాలి, ఉన్ని ఉండకూడదు, కుట్టు ఉండకూడదు. ఇంకా ఇరవై రోజులే ఉంది. ఇదంతా ఆమె పిన్నికి ఒక కాగితం మీద వరుసగా రాసి తెచ్చింది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, కాగితం మడిచి కళ్ళజోడు పెట్టెలోనే పెట్టేసింది.

"కుట్టు లేనిది నా దగ్గర ఉంది," అంది.

ఆవిడ దగ్గర ఉన్నది ఒకే ఒక్క నమూనా. ఎక్స్‌ఛేంజిలో నాలుగో సీటావిడ ఎక్కడినుంచో పట్టుకొచ్చింది. కాల్స్ లేని వేళల్లో పుస్తకం చదవనిచ్చేవాళ్ళు కాదు, కళ్ళు బోర్డు మీంచి పోతాయని. కబుర్లాడనిచ్చేవాళ్ళు కాదు, చెవులు పోతాయని. అల్లుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అలా ఆ గదిలో ఏ సీటుకు బిడ్డ పుట్టినా స్వెటర్ అల్లడం పిన్ని వంతుకు వచ్చింది. మెడ దగ్గర మొదలుపెట్టి, గొట్టంలా చుట్టూ చుట్టూ తిరుగుతూ కిందికి దిగడమే. ఒళ్ళు పూర్తయ్యాక చేతులు. అతుకు అన్నదే లేదు. నమూనా అంతా ట్రంకు కాల్ చీటీల వెనక రాసి ఉంది. ప్రతి స్వెటర్‌కూ ఒక చీటీ అదనం, ఏం మార్చిందో గుర్తుకు. "ఏడో సీటు బాబు. తల పెద్దది, మెడకు పది లూపులు ఎక్కువ." "రెండో సీటు పాప. ఎడమ చేతికి సిమెంటు కట్టు, ఆ చెయ్యి వెడల్పు." "సూపర్‌వైజర్ మనవడు. ఎంత చేసినా ఆవిడకి నచ్చలేదు." అలాంటివి ముప్ఫై ఒక్క చీటీలు.

"ఇవన్నీ ఉన్నివే కదా పిన్నీ?"

"ఉన్నివే. ఉన్ని సాగుతుంది, మళ్ళీ దగ్గరికొస్తుంది. నూలు సాగితే సాగినట్టే ఉంటుంది, మీ బాబాయి బనీన్లలాగా. అందుకని సన్న సూదులతో బిగించి అల్లాలి, పొడవు తగ్గించాలి. మెడ సాగదు కాబట్టి భుజం మీద తెరిచి మూడు గుండీలు పెడతాను. తల దూరుతుంది, బయటికీ వస్తుంది. సరేనా?"

"గుండీ ఊడి మింగితే?"

కుర్చీలో పేపరు చదువుకుంటున్న బాబాయి పేపరు దించాడు. "అమ్మాయ్, నీకు జీతం ఇచ్చేది నీళ్ళు పరీక్షించడానికా, మమ్మల్ని పరీక్షించడానికా?"

దారం మాత్రం తానే తెస్తానని పాప తల్లి పట్టుబట్టింది. పిన్నికి మోకాళ్ళ నొప్పి, ఆమెకు రంగుల మీద అనుమానం. కొట్లో ఏడు రంగుల నూలు నుంచి మూరెడు మూరెడు ముక్కలు అడిగి తెచ్చింది. ఏడు గ్లాసుల్లో గోరువెచ్చని నీళ్ళు, పాప సబ్బు కలిపి, ఒక్కో ముక్క వేసి, గ్లాసుల మీద నంబర్లు అంటించి వంటగది గట్టు మీద పెట్టింది. ఆమె భర్త పొద్దున్నే వచ్చి, ఏదో పళ్ళరసమనుకుని మూడో నంబరు గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళాడు.

"అది ఎరుపు. రంగు దిగింది. పారబొయ్యి," అంది ఆమె, రాసుకుంటూ.

"నేను తాగి ఉంటే?"

"రాసుకునేదాన్ని."

ఎరుపూ ముదురు నీలమూ ఓడిపోయాయి. మిగతా ఐదూ నీళ్ళను తేటగానే ఉంచాయి. వాటిలో రంగే వెయ్యని మీగడ తెలుపును ఆమె ఎంచుకుంది. చీటీలో యాభై గ్రాముల ఉండలు నాలుగని ఉంది. ఈ నూలు ఉండ చుట్టని వంద గ్రాముల చిలపలుగా వస్తోంది కనుక రెండు చిలపలు కొంది. దాని మీద అంటించిన కాగితం చివరి అక్షరం దాకా చదివింది. ఏ నూలు, ఎక్కడ పండింది, ఎంత వేడి నీళ్ళలో ఉతకాలి, అన్నీ.

చిలపను ఉండగా చుట్టడానికి బాబాయి రెండు చేతులూ చాచి కూర్చున్నాడు. "నలభై ఏళ్ళుగా నా చేతులు ఇలా కట్టేసే ఉంచింది," అన్నాడు పాపతో. "ఇంట్లో ఏం పగిలినా నేను కాదని నువ్వే సాక్ష్యం చెప్పాలి." పాప దారం చివర పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

పిన్ని ముందు అరచెయ్యంత పరీక్ష ముక్క అల్లింది. కొలిచింది. ఉతికి, కింద రెండు క్లిప్పులు తగిలించి ఒక రోజంతా వేలాడదీసి, మళ్ళీ కొలిచింది. బొటనవేలి వెడల్పున సాగింది. "ఇదిగో, ఇంత పొడవు ముందే తగ్గించుకోవాలి," అని లెక్క వేసుకుంది. తర్వాత ఆ ముక్కను పాప చొక్కా చేతి లోపల, మణికట్టు పైన కట్టి ఉంచమంది.

"ఒక చేతిని ఊరికే వదిలెయ్యాలి, తేడా తెలియాలంటే," అంది పాప తల్లి.

"రెండో చెయ్యి అందుకే ఉంది మరి."

సాయంత్రానికి రెండు చేతులూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. వారం రోజుల్లో మొదటిసారిగా పాప తల్లి ఆ రోజు అన్నం సరిగ్గా తింది. సైన్సు చదివింది తానైతే, ల్యాబ్‌లో చేసే పనంతా ఆవిడ చేస్తోందేమిటని అనుకుంది కూడా.

తొమ్మిది రోజులు గడిచాయి. మెడ అయింది, ఒళ్ళు అయింది, కుడి చెయ్యి మోచేతి దాకా వచ్చింది. అక్కడ దారం అయిపోయింది.

పిన్ని ఖాళీ బుట్టను వంచి చూసింది. బాబాయి కుర్చీ కింద వంగి చూశాడు. చీటీ మళ్ళీ చదివారు. రెండు వందల గ్రాములు. కొన్నదీ రెండు వందలే. పాప తల్లి చెత్తబుట్టలోంచి కాగితం తీసి చూసి, తల పట్టుకుంది.

"నూలు బరువు పిన్నీ. ఉన్ని యాభై గ్రాములు నూట పదిహేను మీటర్లు వస్తుంది, ఇది ఎనభై అయిదే. కాగితం మీద అచ్చేసి ఉంది, చదివాను కూడా. నూట ఇరవై మీటర్లు తక్కువ కొన్నాను."

"నువ్వొక్కదానివే కాదులే. ముప్ఫై ఒక్కసార్లు ఉన్ని బదులు ఉన్నే కొన్నాను, తూకం ఎప్పుడూ సరిపోయింది. ఈసారీ సరిపోతుందని నేనూ అనుకున్నా."

కొట్టువాడిని అడిగితే మీగడ తెలుపు మళ్ళీ మూడు వారాలకు గానీ రాదన్నాడు. ఒకటో తారీఖు ఇంకా ఎనిమిది రోజులే. పాప తల్లి ముఖం చూసి పిన్ని మంచినీళ్ళు తెప్పించి, గ్లాసు ఆమె చేతికిచ్చింది. "నీ సబ్బు నీళ్ళలో ఎన్ని రంగులు నిలబడ్డాయన్నావు?"

"అయిదు."

"తెల్లది పోతే నాలుగు. వాటిలో కొట్లో ఏమున్నాయో చూసిరా. ఈసారి మీటర్లు చదువు."

ఆవపిండి రంగుదొకటి, చిగురాకు రంగుదొకటి, బూడిద రంగుదొకటి దొరికాయి. ఒక్కో చిలపే మిగిలింది. పాప తల్లికి మంచి ఊహ వచ్చింది. రంగులెలాగూ వేస్తున్నాం కదా, ఛాతీ మీద ఒక బాతు బొమ్మ అల్లితే?

"బొమ్మ అల్లితే వెనక దారాలు ఈ చివర నుంచి ఆ చివరకు వేలాడతాయి," అంది పిన్ని. "దీని వేళ్ళు చూడు, చీమ కూడా తప్పించుకోలేదు. ఒక వేలు అందులో చిక్కుకుందంటే స్వెటరూ వద్దు, బాతూ వద్దు. అడ్డగీతలే వేద్దాం."

అయితే గీతలు చేతులకే వేస్తే అరువు చేతులు తగిలించినట్టుంటుంది. అందుకని పిన్ని పూర్తయిన ఒంటిని అడుగు నుంచి పట్టుకుని, కొస లాగింది. తొమ్మిది రోజుల పని వరుస వెంట వరుస జారిపోతుంటే పాప తల్లి చూడలేక కిటికీ వైపు తిరిగింది. పిన్ని మాత్రం బఠాణీలు వొలుస్తున్నంత తీరుబడిగా బొడ్డు దాకా విప్పి ఆపింది.

"పైనుంచి అల్లింది కాబట్టి కిందనుంచి ఎంత కావాలంటే అంత విప్పుకోవచ్చు. నాలుగో సీటావిడ మహాతల్లి. ఇప్పుడు లెక్క నీది. దగ్గర ఉన్న తెలుపు ఎన్ని చుట్లకు వస్తుంది?"

ఆ ప్రశ్న పాప తల్లికి మందులా పనిచేసింది. ఒక చుట్టుకు ఎంత దారం పడుతుందో విప్పిన దారం మీద కొలిచింది: మీటరూ ఎనభై. చేతికి దానిలో సగం కంటే తక్కువ. గళ్ళ కాగితం మీద పాప రంగు పెన్సిళ్ళతో గీసింది. రెండు చుట్లు ఆవపిండి, నాలుగు తెలుపు, రెండు చిగురాకు, నాలుగు తెలుపు, ఒకటి బూడిద. ఒంటి మీద గీత ఎక్కడుందో చేతి మీదా అక్కడే ఉండేలా జరిపింది. చివరికి తెలుపు పదకొండు మీటర్లు మిగలాలని తేల్చింది. పిన్ని ఆ కాగితాన్ని బోర్డు మీద డ్యూటీ చార్టులా గోడకు అంటించి, దాని ప్రకారం చెయ్యి ఆపకుండా అల్లుకుపోయింది. ఆరు రోజుల్లో అయిపోయింది. తెలుపు తొమ్మిది మీటర్లు మిగిలింది.

"రెండు మీటర్లు ఎక్కడ పోయాయి?" అంది పాప తల్లి.

"నీ కూతురి కడుపులో వెతుకు," అన్నాడు బాబాయి.

ఒక్క చిక్కు మిగిలింది. గీత మారిన ప్రతిచోటా ఒక దారపు కొస. మొత్తం నలభై రెండు కొసలు. వాటిని సూదితో లోపలివైపు దూర్చి దాచాలి. ఎంత దాచినా నూలు కొస గట్టిగానే ఉంటుంది. పైగా అల్లికకు రెండు ముఖాలుంటాయి. ఒకటి నున్నగా, అద్దంలా ఉంటుంది, అది బయటికి వేసుకుంటారు. రెండోది గరుకుగా, మిట్టపల్లంగా ఉంటుంది, అది ఒంటి వైపు. పిన్ని స్వెటర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, పాప మెడ మీద గరుకు వైపు ఒకసారి, నునుపు వైపు ఒకసారి ఆనించింది.

"చూసేవాళ్ళ కోసమా, వేసుకునేదాని కోసమా?" అంది.

"దానికోసమే."

"అయితే నునుపు లోపలికి. కొసలన్నీ బయట."

గుండీలు భుజం అంచున, ఎటు తిప్పినా పడేలా కుట్టింది. గరుకు వైపు గీతల అంచులు చుక్కలు చుక్కలుగా కలిసిపోయి, అదొక అందంగా ఉంది. పాప తల్లి ప్రతి గుండీకి రెండు లీటర్ల నీళ్ళ సీసా వేలాడదీసి పది నిమిషాలు చూసింది. ఊడలేదు. తల దూరింది, బయటికీ వచ్చింది. పాపకు ఈ ఆట నచ్చి, నాలుగుసార్లు చేయించుకుంది.

పాత పుండ్లు మానాయి, ఒకటో తారీఖు వచ్చింది. పాప క్రెష్‌కు, తల్లి ల్యాబ్‌కు వెళ్ళారు. సాయంత్రం క్రెష్ ఆయా పాపను దుప్పటిలో చుట్టి, స్వెటర్‌ను సంచిలో పెట్టి అందించింది. "చిరాకు పడుతోందని తీసేశామండి."

ఇంటికొచ్చి దుప్పటి తీసేసరికి ఎర్రటి మచ్చలు కనిపించాయి. పాప తల్లి పిల్లనూ సంచినీ పట్టుకుని ఒక అంతస్తు దిగి పిన్ని తలుపు కొట్టింది.

"పడలేదు పిన్నీ. నూలూ పడలేదు, రంగూ పడలేదు. రేపు పొద్దున్నే ల్యాబ్‌కి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. ఇది పెద్దయ్యాక చూసుకుంటాను ఉద్యోగం సంగతి."

"ఎక్కడ?"

"ఏంటి ఎక్కడ?"

"మచ్చలు ఎక్కడ?"

"ఒళ్ళంతా."

"ఒళ్ళంతా నేను చూడాలి. ఇలా పడుకోబెట్టు."

పిన్ని దీపం దగ్గరికి లాగి, కళ్ళజోడు పెట్టుకుంది. మెడ తెల్లగా ఉంది. వీపు తెల్లగా ఉంది. పొట్టా అంతే. ఎడమవైపు బొడ్డు పక్కనుంచి తుంటి దాకా, తీగ మీద పిచ్చుకల్లాగా, ఒకే వరుసలో ఎర్రచుక్కలు. చేతుల లోపలివైపూ ఒక్కో వరుస. ఇంకెక్కడా కొత్తగా ఏమీ లేదు.

"నూలు పడకపోతే ఎక్కడెక్కడ రావాలి?" అంది పిన్ని.

పాప తల్లి తడబడింది. "నూలు తగిలిన ప్రతిచోటా."

"రంగు పడకపోతే?"

"గీతలున్నచోట. చుట్టూ పట్టీలా." అంటూనే ఆమె వంగి మళ్ళీ చూసింది. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం ఆమెకు తెలుసు. గళ్ళ కాగితం మీద తనే గీసింది. "ఇవి కొసలు, పిన్నీ. చుట్టు మొదలయ్యేచోట దూర్చిన కొసలు. కానీ కొసలు బయట కదా ఉన్నాయి?"

"మనం తొడిగినప్పుడు బయట ఉన్నాయి."

సంచిలోంచి స్వెటర్ తీశారు. నున్నటి వైపు బయటికి ఉంది.

పాప తల్లి క్రెష్ టీచరుకు ఫోన్ చేసింది. టీచరు నొచ్చుకుంది. "మొదటిరోజు కదా, హడావిడిలో మీరు తిరగేసి తొడిగారనుకున్నామండి. ఆయా రాగానే సరిచేసింది. మధ్యాహ్నం పాలు ఒలికితే తుడిచి, మళ్ళీ సరిగ్గానే తొడిగింది."

ఆమె ఫోన్ పెట్టేసి, విన్నది ఉన్నదున్నట్టు చెప్పింది. ముందుగా నవ్వింది బాబాయి. తర్వాత పాప తల్లికీ నవ్వు వచ్చింది, అందులో సగం ఏడుపు.

పిన్ని అప్పటికే ఆవపిండి రంగు ఉండ తీసి, సూదుల మీద పద్దెనిమిది లూపులు వేసింది. "ఎవరికని చెప్పి ఒప్పిస్తాం? ఈ ఆయా వెళ్తే ఇంకో ఆయా వస్తుంది. స్వెటరే చెప్పుకోవాలి. జేబు కుడతాను. లోకంలో జేబును లోపలికి పెట్టుకునేవాళ్ళు లేరు."

అల్లుతూనే చెప్పింది. బోర్డు మీద కూర్చున్న మొదటి వారంలో ఒక లైనులో మాట తెగిపోయింది. అవతల ఎవరో పెద్దమనిషి కేకలు. కొత్తపిల్ల కదా, కంగారులో ఏ తీగలో తప్పుందో తెలియక కనిపించిన తీగలన్నీ పీకేసింది. పదకొండు మంది మాటలు సగంలో తెగిపోయాయి. అందులో ఒకావిడ కూతురికి పురుడొచ్చిందన్న కబురు వింటోందట, ఆడపిల్లో మగపిల్లాడో తెలిసేలోపే పోయింది. ఆవిడ రెండు గంటలు మళ్ళీ లైను కోసం కూర్చుంది.

"ఆ రోజు నన్ను ఎవరూ తిట్టలేదు. నాలుగో సీటావిడ నా పక్కకొచ్చి, తీగలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే గుచ్చింది, అంతే. నువ్వూ ఇందాక అదే చెయ్యబోయావు. నూలు, రంగు, ఉద్యోగం, అన్నీ ఒకేసారి పీకేద్దామనుకున్నావు."

పాప తల్లి వింటూ, పాప కాళ్ళకు నూనె రాస్తూ కూర్చుంది.

ఎనిమిది గంటలకల్లా జేబు కుట్టడం అయిపోయింది. మర్నాడు ఆయా స్వెటర్‌ను అటూ ఇటూ చూసి, జేబు చూసి, ఏమీ తిప్పకుండా వదిలేసింది. మూడో రోజుకు చుక్కలు మాసిపోయాయి. వారానికి పాత పుండ్ల మచ్చలూ కనిపించకుండా పోయాయి. పిన్ని ముప్ఫై రెండో చీటీ రాసింది: "మూడో అంతస్తు పాప. నూలు. తూకం కాదు, మీటర్లు చూడాలి. నునుపు లోపలికి. జేబు."

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో పాప తల్లి ఫోన్ మోగింది. క్రెష్ నుంచి. పాప పడిందని ఆయా గొంతు. పాప తల్లి అప్పటికే కోటు విప్పి, సంచి భుజానికి తగిలించుకుంది. తలుపు దగ్గర ఆగింది.

"ఎక్కడ తగిలింది?" అంది.

"మోకాలికండీ."

"ఎంత?"

"కొంచెం గీరుకుంది. కడిగాను. ఇప్పుడు నా జేబులో ఏముందో వెతుకుతోంది."

ఆమె సంచి దించి, కోటు మళ్ళీ వేసుకుని, ఆగిపోయిన పరీక్ష ముందు కూర్చుంది. ఆ రాత్రి జేబు కుట్టి దారం తెంపుతూ పిన్ని అన్న మాటనే ఆమె ఇప్పుడు ప్రతిసారీ పాటిస్తోంది: "ముందు ఎక్కడో చూడు. తర్వాత ఎంతో చూడు. రెండూ తెలిశాక కూడా భయం వేస్తే, అప్పుడు తీరిగ్గా కూర్చుని భయపడు."